ఊబిలో దిగిన గాడిదలు

ఎనభై అయిదో సంవత్సరం వేసవిలో క్లూన్‌వారాలో ఎండ కాసిందని ఎవరైనా చెబితే నమ్మకండి. మే నెలలో పట్టిన వాన ఆగస్టు దాటినా తెరిపివ్వలేదు. కోసిన గడ్డి కోసినచోటే కుళ్ళింది. బంగాళాదుంపలు మట్టిలోనే నల్లబడ్డాయి. ఆ వానలోనే మా ఇంటి పెత్తనం చేతులు మారింది. అది ఎలా జరిగిందో చెబుతాను.

మా నాన్న బార్నీ స్టోక్స్ ఫిబ్రవరిలో పోయాడు. దారివాళ్ళం మేము, ఇల్లంటూ లేక బళ్ళలోనే కాపురం చేసేవాళ్ళం; ఊళ్ళో స్థిరపడ్డవాళ్ళని ఇళ్ళవాళ్ళంటాం. మా తాత ఊరూరా తిరిగి పాత్రలకి మాట్లు వేశాడు. ప్లాస్టిక్ బకెట్లు వచ్చి ఆ పని పోయాక నాన్న పొట్టిగుర్రాలూ గాడిదలూ కొని అమ్మి బతికాడు. మా వాళ్ళందరూ వ్యాన్లు కొనుక్కున్నా ఆయన కొనలేదు. "వ్యాను ముసలిదైతే తుక్కు. గాడిద ముసలిదైనా గాడిదే," అనేవాడు. ఆయన్ని క్లూన్‌వారా చర్చి వెనకాల, నాయనమ్మ పక్కన పాతిపెట్టి, మా పద్ధతి ప్రకారం ఆయన పడుకున్న బండిని తగలబెట్టాం. మనిషి పోయిన చోట వెంటనే పొయ్యి పెట్టుకోకూడదు కాబట్టి కొన్నాళ్ళు వేరే ఊళ్ళ మీద తిరిగాం. బాబాయ్ ఇచ్చిన, నాన్న పొట్టిగుర్రం లాగే పాత ట్రైలర్‌లో అమ్మా, నేనూ, చెల్లెలు మెగ్. ఈస్టర్ ముందు తిరిగి వచ్చాం.

ఊరి చివర రోడ్డు వంపు దగ్గర, ముళ్ళకంచె పక్కన పచ్చిక ముక్క ఒకటుంది. నాయనమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ మా బండి ఆగేది అక్కడే. వచ్చి చూస్తే ఆ పచ్చికంతా బండరాళ్ళు. ఒక్కొక్కటీ ఆవు దూడంత. బండి కాదు కదా, కుర్చీ వేసుకునే చోటు కూడా లేదు.

అమ్మ దిగి ఒక బండ మీద చెయ్యి వేసి చూసింది. "మన కోసం ఎంత బరువు మోశారో పాపం," అంది.

ఎవరు మోశారో తెలుసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పెద్ద చక్రాల అచ్చులు బురదలో ఇంకా తడిగానే ఉన్నాయి. తిన్నగా మాలకీ ఫినర్టీ గారి గేటు దాకా వెళ్ళాయి. ఊళ్ళో పెద్ద రైతు ఆయన, ఎన్నికలొస్తే ఓట్లడిగేదీ ఆయనే. ఆయన భార్య డీలియా ఇంటి వెనక గుమ్మం దగ్గర అమ్మ ఇరవై ఏళ్ళుగా లేసులూ, సూదులూ, దేవుడి పటాలూ అమ్మింది. ఆ గుమ్మంలో టీ తాగకుండా ఏనాడూ వెనక్కి రాలేదు. మర్నాడు బుట్ట పట్టుకుని వెళ్ళి తలుపు కొడితే ఎవరూ తియ్యలేదు. పొగగొట్టంలోంచి పొగ వస్తూనే ఉంది.

"ఊరెళ్ళారేమోలే," అంది అమ్మ, ఇంటికొచ్చాక.

మేము రాళ్ళ క్వారీ సందులోకి మారాం. ఇరుకు దారి. వాన పడితే నీళ్ళు ట్రైలర్ కింద నుంచి పారేవి. గాడిదల్ని కట్టడానికి కూడా పొడినేల లేదు. ఉన్న ఆరు గాడిదల్లో పెద్దదాని పేరు బిషప్పు. ఎవరొచ్చినా తల వంచేది కాదు కాబట్టి నాన్న దానికా పేరు పెట్టాడు.

"ఇంకో ఊరికి పోదామా అమ్మా?" అని అడిగాను ఒకరోజు.

"నాన్న ఏడాది దగ్గర పడాలి. సమాధి మీద రాయి నిలబెట్టాలి, ఫాదర్ వచ్చి దీవించాలి. అప్పటిదాకా నేనీ ఊరు కదలను. నీళ్ళలో ఉండమంటే నీళ్ళలోనే ఉంటాను." సాయంత్రం కాగానే తలమీద సంచి కప్పుకుని సమాధి దగ్గరికి నడిచేది.

జులైలో క్రిస్టీ బాబాయ్ దిగాడు, వ్యానూ, పిన్నీ, పిల్లలతో. నాన్నకి ఒక్కడే తమ్ముడు. మంచివాడే కానీ తను అనుకున్నదే మంచి అనుకునే రకం. వచ్చిన రోజే మాట ఎత్తాడు.

"వదినా, నెలాఖరుకి మాంచెస్టర్ వెళ్ళిపోదాం. అక్కడ మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. రాయి పెట్టేనాటికి ఓడెక్కి వచ్చేద్దాం. ఈ గాడిదల్ని కబేళా వాడికి ఇచ్చేస్తే సరి."

"గాడిదలు నాన్నవి," అన్నాను.

"నాన్నవే. నాన్నేడీ? మగదిక్కు లేని బండికి ఆరు గాడిదలెందుకే?"

"నేను చూసుకుంటున్నాగా."

"మేత వెయ్యడం వేరు విన్నీ, బేరం చెయ్యడం వేరు. సంతలో ఆడపిల్ల చేతిలో ఎవడు చెయ్యి వేస్తాడు చెప్పు?"

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. అమ్మ వైపు చూశాను. అమ్మ కెటిల్ వైపు చూస్తోంది. రాయి పెట్టేనాటికి వచ్చేద్దామన్న మాటకి లొంగినట్టుంది; నెలాఖరుకి ప్రయాణం ఖాయమైంది.

మా బాధ మాదైతే, ఊరి బాధ ఊరిది. అక్కడ కట్టెల్లేవు. ఊబినేలలో మట్టిని ఇటుకల్లా కోసి, ఆరబెట్టి, దాన్నే పొయ్యిలో కాలుస్తారు. టర్ఫ్ అంటారు. వంటకీ, వేణ్ణీళ్ళకీ, చలికీ అన్నిటికీ అదే. మేలో కోసిన టర్ఫ్ అంతా ఊబిలోనే పడి నానుతోంది. పైకి తెచ్చి రోడ్డు పక్కన గాలికి పేరిస్తే ఆరుతుంది. కానీ తెచ్చేదెలా? ఫినర్టీ గారి ట్రాక్టరు దిగిన చోటే ఇరుసు దాకా కూరుకుపోయింది. దాన్ని లాగడానికి వెళ్ళిన రెండోదీ కూరుకుపోయింది. ఊరంతా గొడుగులేసుకుని తిరునాళ్ళ చూసినట్టు చూశారు. ఆ రోజు నేను కూడా గోడ మీద కూర్చుని చూశాను. సంతోషించానని దాచను.

ఆ సంతోషం ఆనరవ్వ ఇంట్లో దిగిపోయింది. ఆనర్ గ్రోగన్‌ది ఊబి పక్కన ఒంటరి ఇల్లు. ఎనభై దాటిన మనిషి. ఎవరు తలుపు మూసినా ఆవిడ మూసేది కాదు. నాన్న పోయినప్పుడు దీవించిన కొవ్వొత్తులు పంపించింది ఆవిడే. గుడ్లు తీసుకుందామని వెళితే అవ్వ కోటు తొడుక్కుని పొయ్యి ముందు కూర్చునుంది. పొయ్యిలో మండుతున్నది కుర్చీ కాలు.

"అదేంటవ్వా!"

"మూడు కాళ్ళ కుర్చీ మీద ఎలాగూ కూర్చోలేం కదే. ఒక కాలు విరిగింది, తతిమ్మావీ దానికి తోడు పంపిస్తున్నా."

"నీ టర్ఫో?"

"నా పెళ్ళికూతురు నీళ్ళలో జలకాలాడుతోంది. వచ్చే ఏడాదికి వస్తుందిట."

నేను నవ్వాను కానీ దారి పొడుగునా ఆ కుర్చీ కాలే కళ్ళలో మెదిలింది. ట్రైలర్ దగ్గరికి రాగానే పాత సామాన్ల కింద నుంచి నాన్న గంపలు బయటికి లాగాను. గాడిద వీపుకి అటొకటి ఇటొకటి వేలాడే, విల్లో చెట్టు కొమ్మలతో అల్లిన గంపలు.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు బాబాయ్.

"అవ్వకి టర్ఫ్ తెచ్చిపెడతాను."

"ఊరికేనా?"

"ఊరికే."

"అన్నయ్య పోతూ పోతూ నీ బుర్ర కూడా పట్టుకెళ్ళాడు."

మర్నాడు మెగ్, నేనూ ఆరు గాడిదల్నీ ఊబిలోకి దింపాం. గాడిద తేలిక, డెక్క చిన్నది. అడుగు వేసేముందు నేలని వాసన చూస్తుంది, నచ్చకపోతే చంపినా వెయ్యదు. మెత్తగా ఉన్నచోట తుంగ కోసి పరిచాం. గంపలు సగమే నింపి, అటు వెళ్ళి ఇటు వచ్చి, సాయంత్రానికి రోడ్డు వారగా అవ్వ టర్ఫ్ వరసగా నిలబడింది. మేము తడిసి ముద్దయ్యాం. ఆ రోడ్డు మీదే పాల బండ్లన్నీ వెళ్ళాలి. వెళ్ళిన ప్రతి బండీ ఆగి చూసి మరీ వెళ్ళింది. మూడో రోజు కల్లా గాలికి పైపెళ్ళలు ఆరి, అవ్వ పొగగొట్టం పొగ వదిలింది. ఊరు మొత్తానికి కనిపించే మెరక మీదుంది ఆ ఇల్లు.

"రేపో ఎల్లుండో వస్తారు చూడు," అంది అమ్మ. అవసరం వస్తే గాడిద కాళ్ళయినా పట్టుకోవాలని ఊరికే అన్నారా.

ఎల్లుండి దాకా కూడా ఆగలేదు. ఆ సాయంత్రమే ఫినర్టీ గారు, ఇంకో ఇద్దరు రైతులతో క్వారీ సందులోకి వచ్చారు. మేము తిరిగొచ్చాక ఆయనతో మాకు మాటలే లేవు. అమ్మ ఏమీ జరగనట్టు లోపలికి రమ్మని టీ పోసింది. ముగ్గురూ తడి టోపీలు మోకాళ్ళ మీద పెట్టుకుని ఒదిగి కూర్చున్నారు.

"క్రిస్టీ, నీ గాడిదలు బాడుగకి కావాలి," అన్నారు ఫినర్టీ గారు.

బాబాయ్ ఛాతీ విరిచాడు. "ఇస్తాం. ఎందుకివ్వం? రోజుకింతని చెప్పండి, మాట్లాడుకుందాం…"

"అవి బాబాయ్‌వి కావు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "నాన్నవి. ఇప్పుడు మావి. డబ్బు వద్దు. ఆ బండలు తియ్యండి."

రైతులిద్దరూ ఫినర్టీ గారి వైపు తిరిగారు.

"ఏ బండలు?" అన్నారు ఫినర్టీ గారు.

"ఊళ్ళో ఎన్ని రకాలున్నాయేమిటి?"

"అవి కౌన్సిల్ వాళ్ళు…"

"కౌన్సిల్ వాళ్ళ ట్రాక్టరు మీ దొడ్లో పడుకుంటుందా ఫినర్టీ గారూ? అచ్చులు మీ గేటు దాకా వెళ్ళాయి."

మిగతా ఇద్దరిలో ఒకాయన కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గులోకి దించాడు. ఫినర్టీ గారి చెవులు ఎర్రబడ్డాయి.

"చూడు పిల్లా, రెట్టింపు బాడుగ ఇస్తాను. బండల సంగతి నా ఒక్కడి మాట కాదు."

"అందుకేగా ముగ్గురొచ్చారు."

"తీస్తే రేపు ఇరవై బళ్ళొచ్చి దిగుతాయి."

"మా బండీ, బాబాయ్ బండీ. చావుకో పెళ్ళికో చుట్టాలొస్తే వస్తారు. మీ ఇంటికి రారా?"

"మరి చెత్త? ఆ చెత్తంతా ఎవడు ఎత్తుతాడు?"

"చెత్త లారీ మీ గేటు ముందు ఆగుతుంది. మా దగ్గర ఆగదు. మా దగ్గరా ఆపించండి, ఎత్తేది మేమే. అదీ కలుపుకోండి బేరంలో. చలికాలానికి గాడిదలకి గడ్డి కూడా."

"ఈ పిల్లకి మతి పోయింది," అన్నాడు బాబాయ్. కానీ ఆ మాట వెనక కోపం సగమే ఉంది. ముందుకి వంగి వింటున్నాడు. బేరం పసందుగా సాగితే మా బాబాయ్‌కి శత్రువు మీద కూడా ప్రేమ పుడుతుంది.

ఫినర్టీ గారు టోపీని ఒక చుట్టు తిప్పారు. "సరే. టర్ఫ్ అంతా పైకొచ్చాక, ఏదో ఒక మంగళవారం పొద్దున్నే ఎవరూ లేవకముందు తీయించేస్తాను."

"కాదు. ఆదివారం. పూజ అయ్యాక."

"అందరూ చూస్తూండగానా?"

"పెట్టినప్పుడు ఎవరూ చూళ్ళేదు. తీసేటప్పుడు చూడాలి."

ఆయన అమ్మ వైపు తిరిగారు, ఈ పిల్లని కాస్త ఆపమన్నట్టు. అమ్మ ఆయన కప్పులోకి తొంగి చూసింది.

"టీ చల్లారిపోతోంది మాలకీ. పిల్ల అడిగినదానికి జవాబు చెప్పు."

ఆయన కప్పు కింద పెట్టారు. లేచి, సంతలో బేరం ఖాయం చేసేటప్పటిలా అరచేతిలో ఉమ్మి, చెయ్యి చాపారు. అలవాటు కొద్దీ చాపింది బాబాయ్ వైపు.

బాబాయ్ ఆ చేతిని చూశాడు. తన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"నాకెందుకు చాపుతావు? గాడిదలు ఆ పిల్లవి."

చెయ్యి నా వైపు తిరిగింది. నేను నా అరచేతిలో ఉమ్మి, గట్టిగా చరిచాను. వానలో ఆ చప్పుడు పెద్దగా వినపడలేదు కూడా. తర్వాత ముగ్గురూ టీ పూర్తి చేసి వెళ్ళిపోయారు.

మాంచెస్టర్ మాట ఆ రాత్రి ఎవరూ ఎత్తలేదు. నెలాఖరు వచ్చింది, పోయింది. మేము ఊబిలోనే ఉన్నాం.

ఊరు ఊరంతా దిగింది. ఇళ్ళవాళ్ళు గంపలు నింపడం, మేము తోలడం, పిల్లలు రోడ్డు మీద పెళ్ళలు నిలబెట్టడం. మొదట రెండు గుంపులుగా ఉన్నాం. వాళ్ళ టీ వాళ్ళది, మా టీ మాది. ఆ గోడ పడగొట్టింది బిషప్పు. ఒకరోజు మా మెగ్ కాలు బెణికితే ఫినర్టీ గారు "నేను తోల్తానులే" అని బిషప్పు తాడు పట్టుకున్నారు. లాగారు. అది కదల్లేదు. వెనక్కెళ్ళి తోశారు. ఊహూఁ.

"ఫినర్టీ గారూ, బిషప్పు గారిని తోయకూడదు! ముందు నడిచి బతిమాలాలి!" అని అరిచాడు బాబాయ్.

"గాడిదని బతిమాలడమా?"

"ఓట్లకి మమ్మల్ని బతిమాలరూ? అలాగే!"

ఆయన ముందుకొచ్చి, కాస్త సిగ్గుపడుతూనే, "దా, దా నాయనా," అన్నారు. బిషప్పు ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసి, గట్టినేల రాగానే పరుగెత్తింది. తాడు వదలాలని తోచక ఆయన బోర్లా బురదలో పడ్డారు. లేచి కళ్ళు తుడుచుకుని, "ఇది నాకు ఓటెయ్యలేదు," అన్నారు. ఊబి అంతా నవ్వింది. బాబాయ్ అయితే గంప పట్టుకుని కూలబడి మరీ నవ్వాడు. ఆయన మీది బురదని తన కోటుతో తుడిచింది కూడా బాబాయే. ఆ మధ్యాహ్నం నుంచి టీ కెటిల్ ఒకటే అయింది.

ఒకరోజు డీలియా వచ్చింది. రొట్టె గుడ్డలో చుట్టి తెచ్చింది. అందర్నీ దాటుకుని తిన్నగా అమ్మ దగ్గరికి నడిచింది. నేను పక్కనే గంప సర్దుతున్నాను.

"నోనీ," అంది. "ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను."

"తెలుసు. పరదా కదిలింది."

ఊరెళ్ళారేమోలే అన్న మనిషే ఆ మాట అంది. నా చేతులు ఆగిపోయాయి.

డీలియా కళ్ళు దించుకుంది. "ఆయన తలుపు తియ్యొద్దన్నారు. నేనూ తియ్యలేదు. బార్నీ పోయాడని తెలిసీ, నిన్ను ఒక్క మాట పలకరించలేదు."

అమ్మ గుడ్డ మూట వైపు చూసింది.

"కిస్మిస్ వేశావా?"

"వేశాను."

"అయితే కూర్చో."

ఇద్దరూ ఒకే గోనెసంచి మీద కూర్చుని రొట్టె తిన్నారు. నాన్న గురించి మాట్లాడుకున్నారు. ఫిబ్రవరి తర్వాత అమ్మ బయటివాళ్ళ ముందు ఏడవడం అప్పుడే చూశాను. డీలియా ఆమె చెయ్యి వదల్లేదు.

సెప్టెంబరులో దేవుడికి జాలేసి, కొన్ని రోజులు పొడిగాలి తోలింది. రోడ్డుకి అటూ ఇటూ మైలు పొడుగునా టర్ఫ్ గోడలు కట్టినట్టు నిలబడింది. ఆఖరి గంప పైకొచ్చిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడితో మా వంతు పూర్తయింది. వాళ్ళ వంతు మిగిలింది.

"చెయ్యరు," అన్నాడు బాబాయ్ శనివారం సాయంత్రం. "పని అయిపోయింది. ఇక మనమెవరో వాళ్ళెవరో. నేను చూశాను ఇలాంటివి."

"చేస్తాడు. ఉమ్మి చరిచాడు," అన్నాను.

"ఇళ్ళవాళ్ళ ఉమ్మి తొందరగా ఆరిపోతుందే విన్నీ."

మర్నాడు పూజలో ఒక్క ముక్క తలకెక్కలేదు. మేము ఎప్పటిలాగే వెనక నిలబడ్డాం. ఫినర్టీ గారు ముందు వరసలో, వెనక్కి ఒక్కసారి కూడా తిరక్కుండా కూర్చున్నారు. పూజ అయ్యాక మామూలుగా జనం చర్చి గేటు దగ్గర కబుర్లాడతారు. ఆయన మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా కారెక్కి వెళ్ళిపోయారు. బాబాయ్ నా వైపు చూశాడు. నిన్నటి మాటే ఆ చూపులో ఉంది.

రోడ్డు వంపు దాకా వచ్చేసరికి ట్రాక్టరు చప్పుడు వినపడింది. ఒకటి కాదు, నాలుగు. ముందుదాని మీద ఫినర్టీ గారు, ఆదివారపు కోటు, టై విప్పకుండా. వెనకాల జనం. చర్చి మొత్తం తరలి వచ్చినట్టుంది. ఆనరవ్వని ఎవరో కుర్చీతో సహా మోసుకొచ్చి రోడ్డు వార కూర్చోబెట్టారు.

"నాలుగు కాళ్ళ కుర్చీ," అంది అవ్వ నన్ను చూసి. "ఫాదర్ గారిది. ఇది కాల్చనులే."

మొదటి బండ వాననేలలో దిగబడిపోయి ఒక పట్టాన లేవలేదు. గొలుసు వేసి లాగితే జారింది. మళ్ళీ వేశారు. మగాళ్ళు కోట్లు విప్పి భుజాలు ఆనించారు. బాబాయ్ కాసేపు చేతులు కట్టుకుని "ఎడమకి! ఎడమకి!" అని పెత్తనం చేసి, ఇక ఉండబట్టలేక తనూ భుజం ఆనించాడు. ఇళ్ళవాళ్ళ భుజాల మధ్య మా బాబాయ్ భుజం. బండ పీకిన పన్నులా చప్పుడు చేస్తూ లేచింది. జనం అరిచిన అరుపుకి చెట్ల మీద కాకులన్నీ లేచాయి. ఒక్కటీ మిగల్చకుండా అన్నీ తీసి, ఫినర్టీ గారు తన పొలంలోకి తోలించుకున్నారు. కిందికి దిగి, టై సర్దుకుని, గుంటలు పడ్డ పచ్చికని చూపించారు.

"చదును చేయించి రేపు గింజ చల్లిస్తాను. చెత్త లారీ గురువారం. సరిపోయిందా?"

"గడ్డి?"

ఆయన నన్నొక్క క్షణం చూసి పెద్దగా నవ్వారు. "బార్నీ కూతురివే. గడ్డి కూడా."

క్వారీ సందు నుంచి మా బళ్ళు కదిలాయి. పక్కదారి ఉంది కానీ నేను ఊరి నడివీధిలోంచే తీసుకొచ్చాను. ముందు నేను, నా చేతిలో బిషప్పు తాడు. నా వెనక గాడిదలు, వాటి వెనక పొట్టిగుర్రం బండి మీద అమ్మ, మనిషిని పోగొట్టుకున్నవాళ్ళలా తలొంచుకుని కాదు, నల్ల శాలువా భుజాల మీదికి జార్చుకుని తలెత్తి. ఆ వెనక బాబాయ్ వ్యాను, ట్రైలర్. కొట్టు గుమ్మంలోంచి, ఇళ్ళ గుమ్మాల్లోంచి జనం పేరు పెట్టి పిలిచారు. "నోనీ! విన్నీ!" బిషప్పు ఎప్పటిలాగే ఎవరికీ తల వంచలేదు. ఆ రోజు నేనూ వంచలేదు.

సాయంత్రానికి వంపులో పొయ్యి మండుతోంది, ఊరిచ్చిన టర్ఫ్‌తో. డీలియా బకెట్ బోర్లించుకుని అమ్మ పక్కన కూర్చుంది. ఇంటికి వెళ్ళాలని మూడుసార్లు అంది, వెళ్ళలేదు. మెగ్ పిల్లల్ని గాడిదల మీద ఎక్కిస్తోంది. నేను పొట్టిగుర్రానికి కాళ్ళు తుడుస్తున్నాను.

బాబాయ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. కాసేపు గుర్రాన్ని చూశాడు, కాసేపు ఆకాశాన్ని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"బాలినస్లో గుర్రాల సంత దగ్గర పడుతోంది. ఎప్పుడు బయల్దేరదామంటావు?"

ఏటా ఈ రోజుల్లో ఈ ప్రశ్న మా బండి దగ్గర వినపడేది. బాబాయే అడిగేవాడు. నాన్నని అడిగేవాడు. పొయ్యి దగ్గర అమ్మ మాట మధ్యలో ఆపి ఇటు చూసింది.

నేను తొందరపడలేదు. గుర్రం నాలుగో కాలు కూడా తుడిచి, గుడ్డ పిండి, భుజాన వేసుకున్నాను.

"శుక్రవారం," అన్నాను. "తెల్లారగానే."

"సరే," అన్నాడు బాబాయ్. వ్యాను టైర్లు చూసుకోవడానికి వెళ్ళాడు.